బోయిన్‌పల్లి నుంచి సంగారెడ్డికి: ఒక కొలమానం నడిచిన దారి

ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలపై జరిగిన పరిశోధన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు ఇళ్లకు ఎక్కువగా ఫారాల రూపంలోనే చేరింది. వ్యాసాలూ గ్రంథాలూ అంత దూరం రాలేదు. ఆ ఫారాలకు పుట్టిల్లు సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్. 1984లో కేంద్ర ప్రభుత్వం అక్కడ మానసిక వికలాంగుల జాతీయ సంస్థను నెలకొల్పింది. అప్పటికే పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు వెలిశాయి, పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కాలనీ స్థిరపడింది.

తొలి దశలో ఈ సంస్థ పరిశోధన బడి చుట్టూ తిరిగింది. 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ రూపొందించిన ‘బేసిక్ ఎంఆర్’ అనే అంచనా పద్ధతి మొదటి భాగంలో 280 అంశాలున్నాయి. బిడ్డ తనంతట తాను ఏం చేయగలడో, ఎంత సాయం కావాలో టీచరు గుర్తించి, ఏం నేర్పాలో దాన్నిబట్టి నిర్ణయించుకోవచ్చు. బోధనకు పనికొచ్చే పద్ధతి అది. అయితే అది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం. ఆటిజం మాత్రం 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని పేరుపెట్టి ప్రస్తావించింది.

అంతకు ఏడాది ముందే, 1998లో, ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ తన సోషియాలజీ సిద్ధాంత వ్యాసంలో న్యూరోడైవర్సిటీ గురించి రాశారు. మనుషుల మెదళ్లు రకరకాలుగా పనిచేస్తాయని, ఆ తేడాను రోగంగానే చూడనక్కర్లేదని ఆ వాదం. మనోవికాస్ నగర్ మాత్రం వేరే అవసరానికి జవాబు వెతుకుతోంది. ఆటిజాన్ని కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి దేశంలో ఒక కొలమానం కావాలి. 2009లో ‘ఇసా’ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అనే ఆ కొలమానం తయారైంది.

ఇసాలో ఆరు విభాగాలు, 40 అంశాలు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 40 నుంచి 200. కళ్లలోకి చూడకపోవడం, విన్న మాటనే మళ్లీ మళ్లీ అనడం, మార్పును సహించలేకపోవడం వంటివి అందులో ఉన్నాయి. చివరి రెండు అంశాలు మరీ ఆలోచింపజేస్తాయి: అసాధారణ జ్ఞాపకశక్తి, ఏదో ఒక రంగంలో అబ్బురపరిచే ప్రతిభ. ఇవి ఉన్నా మార్కులు పెరుగుతాయి, అంటే వైకల్యపు తీవ్రత పెరిగినట్టే లెక్క. గుర్తుపట్టడానికి ఇవి పనికొస్తాయన్నది నిజమే. కానీ బిడ్డ బలం కూడా లోపాల కూడికలోకే పోవడం ఈ కొలమానంలోని పెద్ద చిక్కు. సింగర్ వాదానికి ఇక్కడ చోటు దొరకలేదు.

2016 ఏప్రిల్‌లో కేంద్రం ఆటిజం సర్టిఫికెట్‌కు ఇసాను ప్రామాణికం చేసింది. ఆ డిసెంబరులో వచ్చిన కొత్త వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి ఆటిజాన్నీ, అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. 2018 మార్గదర్శకాలు ఇసాలో 70 మార్కులు వస్తే 40 శాతం వైకల్యమని నిర్ణయించాయి. చట్టం ఇచ్చే ముఖ్యమైన ప్రయోజనాలకు గీత అక్కడే.

దీంతో మీసేవ కేంద్రంలో స్లాట్ తీసుకుని, వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్లడమే ఈ పరిశోధనతో చాలామంది తల్లిదండ్రులకు తొలి పరిచయమైంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఇసా మార్కులు కొంతవరకు తల్లిదండ్రులు చెప్పేదాన్నిబట్టి పడతాయి కనుక, అడిగే భాష ఇంటి భాష కాకపోతే జవాబు తేలిగ్గా తప్పుతుంది. చేతికొచ్చే సర్టిఫికెట్‌లో ఉండేది వైకల్యం పేరూ శాతమూ. ఏ అంశానికి ఎన్ని మార్కులు పడ్డాయో అందులో ఉండదు, కాబట్టి బడిలో టీచరుకు ఆ కాగితం చూపినా బిడ్డకు ఎక్కడ సాయం కావాలో తెలియదు.