బాల్య వృషణచ్ఛేదనం

బాల్య వృషణచ్ఛేదనం అనగా యౌవనారంభానికి ముందే మగ జీవి వృషణాలను తొలగించడం, లేదా అవి పనిచేయకుండా చేయడం. మనుషులలో ఇది అనేక శతాబ్దాల పాటు అంతఃపుర సేవకుల కోసం, గాయకుల కోసం, బానిస వ్యాపారం కోసం జరిగింది. పశువులలో వ్యవసాయ అవసరాల కోసం నేటికీ జరుగుతున్నది. ఈ చర్య ఫలితం అది ఏ వయస్సులో జరిగిందనే దానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. యౌవనం వచ్చిన తరువాత వృషణాలు కోల్పోయినవాని శరీరం అప్పటికే పురుష రూపాన్ని పొంది ఉంటుంది. బాల్యంలోనే కోల్పోయినవానికి ఆ రూపం ఏర్పడే దశ రాకుండానే పోతుంది.

పేర్లు

తెలుగులో పశువుల విషయంలో "విత్తులు కొట్టడం", "వట్టలు కొట్టడం", "విత్తులు నొక్కడం" అనే మాటలు వాడుకలో ఉన్నాయి. సంస్కృతంలో అంతఃపురంలో కాపలా ఉండే నపుంసకులను "వర్షవరులు" అన్నారు. మొగలుల కాలంలో వీరిని గౌరవంగా "ఖ్వాజాసరా" అనేవారు. ఖ్వాజా అంటే పెద్దమనిషి, ప్రభువు అని అర్థం. ఈ మాట నుండే తెలుగులోకి "కొజ్జా" అనే పదం వచ్చింది. మూలంలో గౌరవవాచకమైన ఈ పదం తరువాత తిట్టుగా మారింది. అందువలన నేడు దీనిని వాడకపోవడమే మర్యాద.

శరీర ధర్మం

వృషణాలు రెండు పనులు చేస్తాయి. మొదటిది శుక్రకణాల ఉత్పత్తి. రెండవది టెస్టోస్టిరాన్ అనే హార్మోను తయారీ. ఈ హార్మోనును వృషణాలలోని లేడిగ్ కణాలు తయారు చేస్తాయి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఈ పనిని అదుపు చేస్తుంది.

బాల్యంలో రక్తంలో టెస్టోస్టిరాన్ చాలా తక్కువగా ఉంటుంది. సాధారణంగా 9 నుండి 14 సంవత్సరాల మధ్య పీయూష గ్రంథి ప్రేరణతో అది పెరగడం మొదలవుతుంది. ఈ కారణంగా ఏడెనిమిదేళ్ళ వయస్సులో వృషణాలు కోల్పోయిన బాలునిలో కొన్ని సంవత్సరాల వరకు పైకి కనిపించే తేడా ఏమీ ఉండదు. తోటి పిల్లలకు గొంతు మారే వయస్సు వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది.

వృషణాలు రక్తంలోకి ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేస్తాయని 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ నిరూపించాడు. ఆయన కోడిపుంజు పిల్లల వృషణాలు తీసివేయగా వాటి తురాయి ఎదగలేదు, అవి కూయలేదు, పోట్లాడలేదు. కొన్నిటి కడుపులో వృషణాన్ని తిరిగి అమర్చగా అవి మామూలు పుంజులుగా పెరిగాయి. హార్మోనుల శాస్త్రానికి ఈ ప్రయోగం నాంది అని చెబుతారు. టెస్టోస్టిరాన్‌ను 1935లో వేరుచేశారు.

శరీరంపై ప్రభావాలు

* గొంతు: స్వరపేటిక పెరగదు. స్వరతంతువులు పొట్టిగానే ఉండి గొంతు జీవితాంతం బాలుని గొంతులా ఉంటుంది.
* జననాంగాలు: పురుషాంగం బాల్యదశలోనే ఆగిపోతుంది. పౌరుష గ్రంథి ఎదగదు. సంతానం కలిగే అవకాశం ఉండదు.
* రోమాలు: గడ్డం, మీసం రావు. ఒంటి మీద రోమాలు పలుచగా ఉంటాయి. పురుషులలో వచ్చే బట్టతల రాదు. ఈ సంగతిని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ గుర్తించాడు. 1942లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హామిల్టన్ ఇటువంటివారికి టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు, వంశంలో బట్టతల ఉన్నవారికి జుట్టు రాలడం మొదలైందని చూపాడు.
* కండరాలు, కొవ్వు: కండరాలు తక్కువగా పెరుగుతాయి. నడుము, తుంటి, రొమ్ముల వద్ద కొవ్వు చేరుతుంది.
* ఎముకలు: చేతులు, కాళ్ళు మొండెంతో పోలిస్తే మామూలు కంటే పొడవుగా పెరుగుతాయి. వయస్సు మీదపడ్డాక ఎముకలు గుల్లబారి వెన్ను వంగుతుంది.
* పీయూష గ్రంథి: వృషణాల నుండి జవాబు రాకపోవడం వలన ఇది ఎడతెగకుండా పనిచేసి పరిమాణంలో పెరుగుతుంది.

పురుష హార్మోను లేనివాడు పొడవు పెరగడం మొదట వింతగా అనిపిస్తుంది. పొడవైన ఎముకల చివర మెత్తని మృదులాస్థి పలకలు ఉంటాయి. ఎముక పొడుగయ్యేది అక్కడే. యౌవనం చివరలో ఈ పలకలు గట్టిపడి మూసుకుపోవడంతో ఎత్తు పెరగడం ఆగిపోతుంది. వాటిని మూసేది ఈస్ట్రోజన్. పురుషులలో టెస్టోస్టిరాన్ నుండే కొంత ఈస్ట్రోజన్ తయారవుతుంది. టెస్టోస్టిరాన్ లేనప్పుడు ఈస్ట్రోజన్ కూడా కొరవడుతుంది. పలకలు చాలా ఏళ్ళు తెరిచే ఉంటాయి. ఈస్ట్రోజన్‌కు శరీరం స్పందించని ఒక 28 ఏళ్ళ పురుషుని గురించి 1994లో వైద్యులు ప్రకటించారు. అతని ఎత్తు 204 సెంటీమీటర్లు. ఆ వయస్సులో కూడా అతడు పెరుగుతూనే ఉన్నాడు.

ఆయుర్దాయం

కొరియాలోని జోసియన్ రాజ్యపు అంతఃపుర నపుంసకుల వంశావళి గ్రంథాన్ని ఆధారం చేసుకొని 2012లో ఒక అధ్యయనం వెలువడింది. జీవితకాలం తెలిసిన 81 మంది సగటున 70 సంవత్సరాలు జీవించారు. అదే కాలానికి, అదే స్థాయి కుటుంబాలకు చెందిన ఇతర పురుషుల కంటే ఇది 14 నుండి 19 సంవత్సరాలు ఎక్కువ. వారిలో ముగ్గురు నూరేళ్ళు దాటారు. అమెరికాలో ఒక మానసిక వికలాంగుల సంస్థలో ఉన్నవారిపై 1969లో ప్రచురితమైన అధ్యయనంలో కూడా వృషణాలు తొలగించబడినవారు మిగిలినవారి కంటే సుమారు 14 సంవత్సరాలు ఎక్కువ జీవించినట్లు తేలింది. అయితే ఈ లెక్కలు శస్త్రచికిత్స తరువాత బ్రతికి బయటపడినవారివి మాత్రమే. గాయంతో, రక్తస్రావంతో, చీముపట్టి చనిపోయిన పిల్లలు ఈ లెక్కలలో లేరు.

పశువులలో: అనంతపురం మెట్ట ప్రాంతం

వయస్సును బట్టి ఫలితం మారుతుందనే విషయం హార్మోను పేరు తెలియకముందే రైతులకు తెలుసు. అనంతపురం జిల్లా నైరుతి భాగంలో కర్ణాటక సరిహద్దున ఉన్న కుందుర్పి ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. జిల్లాలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. ఎర్ర నేలలలో వేరుశనగ ప్రధాన పంట. వాన పడిన కొద్ది రోజులలోనే తడి ఆరకముందు దుక్కి, విత్తనం పూర్తి కావాలి. అందుచేత బలమైన, చెప్పినమాట వినే కాడెద్దుల జత ఇక్కడి రైతుకు చాలా ముఖ్యం. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల సంఖ్య తగ్గినా గొర్రుకు, గుంటకకు వాటి వాడకం పూర్తిగా పోలేదు.

సేద్యానికి పెట్టే కోడెకు మరీ లేతవయస్సులో విత్తులు కొట్టించరు. అలా చేస్తే కాళ్ళు పొడవై, మెడ సన్నబడి, మూపురం సరిగా ఎదగదు. అటువంటి ఎద్దు మెడపై కాడి నిలవదు. అందువలన రెండు పళ్ళు లేదా నాలుగు పళ్ళు వేసేవరకు, అంటే సుమారు రెండు మూడేళ్ళు వచ్చేవరకు ఆగుతారు. మరీ ఆలస్యం చేస్తే కోడె పొగరెక్కి మాట వినదు. గొర్రెలు, మేకల విషయంలో మెడబలంతో పనిలేదు. మాంసం కోసం పెంచే పొట్టేలుకు, మేకపోతుకు చిన్న వయస్సులోనే ఈ పని చేయిస్తారు. దీని వలన కొవ్వు పడుతుంది, పోతు వాసన తగ్గుతుంది. మందలో విత్తనానికి ఎంచిన పొట్టేలును మాత్రం అలాగే ఉంచుతారు.

పాత పద్ధతిలో పశువును పడవేసి కాళ్ళు కట్టి, వృషణాల పై నరాన్ని రెండు కర్రల మధ్య బిగించి కొయ్య సుత్తితో నలగగొట్టేవారు. ఇది తీవ్రమైన బాధ కలిగించేది. ఇటలీ పశువైద్యుడు బుర్డిజ్జో రూపొందించిన పెద్ద పట్టకారు ఇరవయ్యవ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. ఇది చర్మం తెగకుండా లోపలి రక్తనాళాలను నలిపివేస్తుంది. గాయం ఉండదు కనుక ఈగలు వాలడం, ధనుర్వాతం వంటి ప్రమాదాలు తగ్గుతాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నిర్దేశించిన పద్ధతిలో జరిగే ఈ చర్యను నేరంగా పరిగణించదు. నొప్పి తెలియకుండా మందు ఇచ్చి పశువైద్యునిచేత చేయించడం ఉత్తమం.

మనుషులలో: ప్రపంచ చరిత్ర

అస్సీరియా, పర్షియా, చైనా, రోమ్, బైజాంటియం రాజ్యాలలో నపుంసకులు అంతఃపురాలలోను, రాజ్యపాలనలోను పనిచేశారు. సంతానం లేనివాడు తన వంశం కోసం సింహాసనాన్ని ఆశించడని రాజులు నమ్మారు. రోమ్‌లో మొదటి శతాబ్దంలోనే డొమీషియన్ చక్రవర్తి ఈ పనిని నిషేధించినా ఆచారం ఆగలేదు.

చైనాలో యునాన్ ప్రాంతంపై మింగ్ సైన్యం దాడి చేసినప్పుడు పట్టుబడి బాల్యంలోనే వృషణాలు కోల్పోయిన జెంగ్ హె తరువాత గొప్ప నావికాధిపతి అయ్యాడు. 1405 - 1433 మధ్య ఏడు సముద్రయాత్రలకు నాయకత్వం వహించి, కేరళలోని కోళిక్కోడు మీదుగా పశ్చిమ దేశాలకు వెళ్ళాడు. చైనా చివరి రాజసేవక నపుంసకుడు సున్ యావోటింగ్ 1902లో జన్మించాడు. పేదరికం నుండి బయటపడవచ్చనే ఆశతో తండ్రే అతనికి ఎనిమిదేళ్ళ వయస్సులో ఈ పని చేశాడు. 1912లో చక్రవర్తి సింహాసనం వదులుకోవడంతో ఆ ఆశ నిష్ఫలమైంది. సున్ 1996లో మరణించాడు.

ఇటలీలో 16వ శతాబ్దం నుండి చర్చి సంగీతం కోసం, తరువాత సంగీత నాటకాల కోసం బాలురకు ఇది చేశారు. వీరిని "కాస్ట్రాటో" గాయకులు అంటారు. బాలుని స్వరతంతువులు, పెద్దవాని ఊపిరితిత్తులు ఒకే శరీరంలో ఉండటం వలన వారి గొంతుకు అసాధారణమైన శక్తి ఉండేది. ఫారినెల్లి (1705 - 1782) వీరిలో ప్రసిద్ధుడు. 2006లో బొలోనాలో అతని సమాధిని తెరిచి అస్థికలను పరీక్షించగా, 77 ఏళ్ళు జీవించినవాని తుంటి ఎముక అంచున పెరుగుదల గీత ఇంకా పూర్తిగా మూసుకోలేదని, చేతులు కాళ్ళు పొడవుగా ఉన్నాయని తేలింది. పేరు తెచ్చుకున్నవారు కొద్దిమంది మాత్రమే. మిగిలినవారికి పాట అన్నం పెట్టలేదు, పోయినది తిరిగి రాలేదు. 1903లో పదవ పయస్ పోపు చర్చి గానంలో ఎత్తు స్వరాలకు బాలురనే తీసుకోవాలని ఆదేశించాడు. అలెస్సాండ్రో మొరెస్కీ (1858 - 1922) పాటలు 1902, 1904లలో రికార్డు అయ్యాయి. ఒంటరిగా పాడిన కాస్ట్రాటో గొంతు నేటికీ వినగలిగేది ఆ రికార్డులలో మాత్రమే.

భారతదేశంలో

ఢిల్లీ సుల్తానుల సేనాని మాలిక్ కాఫుర్ బానిసగా కొనబడిన నపుంసకుడు. అతడు 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి కాకతీయ ప్రతాపరుద్రుని నుండి కప్పం గ్రహించాడు. మొగలుల కాలంలో బెంగాల్‌లోని సిల్హెట్ ప్రాంతంలో కొందరు శిస్తుకు బదులుగా తమ కుమారులను నపుంసకులుగా చేసి పాలకునికి ఇచ్చేవారని జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో వ్రాశాడు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆయన ఆజ్ఞ జారీచేశాడు. తరువాత ఔరంగజేబు కూడా నిషేధం విధించాడు.

హైదరాబాదు చట్టం

హైదరాబాదు సంస్థానంలో ఫసలీ 1329లో, అనగా క్రీ.శ. 1919లో నపుంసకుల చట్టం అమలులోకి వచ్చింది. బ్రిటిష్ ఇండియాలోని 1871 నాటి నేరస్థ జాతుల చట్టం దీనికి నమూనా. బాలురను ఎత్తుకుపోయి వృషణాలు తీసివేస్తున్నారనే అనుమానం దీనికి కారణంగా చూపబడింది. ఆ పని చేసినవారికి శిక్ష విధించడంతో ఈ చట్టం ఆగలేదు. నగరంలోని నపుంసకుల పేర్లతో జాబితా తయారు చేయించింది. జాబితాలో ఉన్నవారు స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. 16 ఏళ్ళలోపు బాలుడు వారి ఇంట ఉంటే అది కూడా నేరం.

పిల్లలపై జరిగే హింస ఒకటి, పెద్దవారు తమను తాము స్త్రీగానో, మూడవ లింగంగానో గుర్తించుకోవడం మరొకటి. ఈ చట్టం రెంటినీ ఒకటిగా చూసి, ఒక సమూహం మొత్తాన్ని పుట్టుకతో నేరస్థులుగా లెక్కగట్టింది. స్వాతంత్ర్యం తరువాత కూడా ఇది తెలంగాణా ప్రాంతంలో చట్టపుస్తకంలో కొనసాగింది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ లింగంగా గుర్తించింది. 2018లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై తెలంగాణా హైకోర్టు 2023 జూలైలో తీర్పు చెబుతూ, ఈ చట్టం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది.

ఈ చట్టం పోయినంత మాత్రాన పిల్లలకు రక్షణ పోలేదు. భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షన్ తీవ్రమైన గాయాల పట్టికలో పుంసత్వాన్ని నాశనం చేయడాన్ని మొట్టమొదట పేర్కొన్నది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో కూడా అదే క్రమం ఉంది.

నేటి వైద్యం

నేడు బాల్యంలో వృషణాలు కోల్పోవడం ఎక్కువగా వ్యాధి వలన, ప్రమాదం వలన జరుగుతుంది. నెలలు నిండి పుట్టిన మగశిశువులలో సుమారు 3 శాతం మందికి ఒకటి లేదా రెండు వృషణాలు సంచిలోకి దిగి ఉండవు. చాలామందిలో ఆరు నెలలలోపు అవే దిగుతాయి. దిగకపోతే 6 నుండి 18 నెలల మధ్య శస్త్రచికిత్స చేయించాలి. వృషణం మెలిపడి హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే దానికి రక్తం అందదు. సుమారు ఆరు గంటలలోపు శస్త్రచికిత్స జరిగితే దానిని కాపాడే అవకాశం ఎక్కువ. పిల్లవాడు సిగ్గుపడి చెప్పకపోవడం, పెద్దలు కడుపునొప్పిగా భావించి ఆలస్యం చేయడం వలన ఆ సమయం గడిచిపోతుంది.

రెండు వృషణాలూ పోయిన బాలునికి యౌవనారంభ వయస్సులో టెస్టోస్టిరాన్‌ను తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఇస్తారు. దీనితో గొంతు మారుతుంది, గడ్డం వస్తుంది, ఎముకలు గట్టిపడతాయి. సంతానం మాత్రం కలగదు. పూర్వం అంతఃపురాలకు, గానసభలకు అప్పగించబడిన బాలురకు ఈ అవకాశం లేదు. వారిలో చాలామంది తమకు జరుగుతున్నది ఏమిటో తెలుసుకునే వయస్సులో కూడా లేరు.

ఇవి కూడా చూడండి

* వృషణాలు
* టెస్టోస్టిరాన్
* యౌవనారంభం
* హిజ్రా
* మాలిక్ కాఫుర్
* కుందుర్పి