రూపసామ్యము – అర్థభేదము

రూప మొక్కటి యైనంతమాత్రమునఁ బదము లొక్కటి కావు. ఈ సంగతి శాబ్దికులకుఁ గ్రొత్తది కాదు. ఐనను దేశ్యపదములకు వ్యుత్పత్తి చెప్పునపుడు దీనిని మఱచువారు నేఁటికిని గలరు. జహీరాబాదు ప్రాంతమున నీ విషయమును విచారించుట సులభము. ఈ తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ యేఁటి రాష్ట్రపునర్విభజనమున నధికభాగము మెదకు జిల్లాలోఁ జేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుఁగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ యను నాలుగు భాషలు నిచట నొండొంటి నొరసికొనుచున్నవి.

ఇది చెఱకు పండు నేల. చెఱకును మరాఠీవారు 'ఊస్' అందురు. తెలుఁగువారికి 'ఊసు' ప్రస్తావము. మరాఠీ పదము సంస్కృత 'ఇక్షు' శబ్దమునకుఁ బ్రాకృతముమీఁదుగా వచ్చిన వికృతి. తెలుఁగు మాటకుఁ జెఱకుతోఁ బొత్తు లేదు. 'ఆ' యన్నచో ఉర్దూ తెలిసినవాఁడు దగ్గఱకు వచ్చును. తెలుఁగువాఁడు 'ఆ' యేదియో యని విశేష్యమునకై యెదురుచూచును. సంస్కృత వైయాకరణున కది మర్యాదాభివిధులఁ దెలుపు నిపాతము. ఊరి పేరునే చూడుఁడు. 'జహీర్' అనఁగా నరబ్బీలోఁ దోడ్పడువాఁడు. 'ఆబాద్' అనఁగాఁ బారసీకమున జననివాసము గలది. చివర వినఁబడు 'బాదు'ను దెలుఁగు ధాతువుగాఁ గొన్నచో నూరు దెబ్బలపా లగును.

ఈ యపాయమును మన పూర్వులు గుర్తించిరి. క్రీ. శ. 7వ శతాబ్దివాఁడగు కుమారిలభట్టు తంత్రవార్తికమున, ద్రావిడపదములను సంస్కృతములుగా భ్రమించి వ్యాఖ్యానించువారిని బరిహసించెను. అన్నమను నర్థముగల 'చోర్' శబ్దమును వారు 'చోర'గాఁ జేసి దొంగ యందురఁట. సర్పవాచకమగు 'పాప్' శబ్దమున కకారము చేర్చి, పాము నిజముగాఁ బాపమే కదా యని సమర్థింతురఁట. కడుపునకుఁ బేరగు 'వైర్' వారిచేత 'వైరి' యగును. మన పామును, తమిళుల సోఱును, వయిఱును జూచిన నా పదము లేవియో తెలియును. ద్రావిడభాషయందే యింత స్వేచ్ఛ యైనచోఁ బారసీక, యవన, రౌమకాది భాషలలో వీరేమి కల్పింతురో యని యాతఁ డాక్షేపించెను. ఆ యధికరణమున శబరస్వామి పిక, నేమ, సత, తామరస శబ్దముల నుదాహరించి, యార్యులలో వాడుక లేని పదమునకు ధాతువులనుండి యర్థము కల్పింపక, వాడుక గల మ్లేచ్ఛులనుండియే గ్రహింపవలెనని సిద్ధాంతము చేసెను.

అర్థము భిన్నమైనచో బుద్ధి కొంత జాగరూక మగును. అర్థముకూడఁ గలిసినచో మోసపోవుట తఱచు. తెలుఁగు 'మా' మేము శబ్దమునకు షష్ఠీరూపము. పారసీకమున 'మా' యనఁగా మేము. ఇంత దగ్గఱగా నున్నవి కావున నివి సోదరము లందురా? పారసీకపదమునకుఁ బ్రాచీనరూపము 'అమాఖమ్'. దారయవహుఁడు వేయించిన బెహిస్తూను శాసనమున నది మా యొక్క యను నర్థమునఁ గలదు. అది సంస్కృత 'అస్మాకమ్' శబ్దమునకు జ్ఞాతి. అందలి మకారము 'అస్మ' యను నంగములోనిది. తెలుఁగు 'మా'కు జ్ఞాతి తమిళ 'ఎమ్', 'నా'కు 'ఎన్'. ఇచట నకార మేకత్వమును, మకారము బహుత్వమును దెలుపును. రెండు భాషలును దొలి యచ్చును గోల్పోయి వేఱు దారుల నొకే రూపమునకు వచ్చినవి.

'శిక్ష' మాట వేఱు. అది హిందీలో విద్య, తెలుఁగున దండనము. అచట నొకే సంస్కృతపదము రెండు భాషలలోఁ జేరి యర్థమును మార్చుకొన్నది. పై యుదాహరణములలో రెండేసి పదములు దారిలోఁ గలిసినవి. ఈ రెండింటిని వేఱుపఱుపక వ్యుత్పత్తి చెప్పరాదు.

కావున నొక్క పదము పోలిక సాక్ష్యము కాదు. ప్రాచీనరూప మేది, సోదరభాషలలో నెట్లున్నది, ఆ మార్పే యితర పదములందును గలదా యని యడుగవలెను. ఎల్లిసు 1816లోఁ దెలుఁగు సంస్కృతజన్యము కాదని చూపినపుడు పదముల నొక్కొక్కటిగా నేఱుకొనలేదు; ధాతువులను వరుసగాఁ బోల్చెను. పాఠశాలలోఁ జెప్పిన వ్యుత్పత్తిని బాలుఁడు జీవితాంతము నమ్మును. ఇంట నేర్చిన మాటకు లేని వంశము నంటఁగట్టి, దానిని సంస్కృతమునకుఁ జెడిన రూపమని చెప్పుట వానికిని, భాషకును, సంస్కృతమునకును గూడ నన్యాయము.