అదనపు లంగరు: తెరచాప నావలలో దాని స్థానము, బంధనము

తెరచాపతో నడచు నావలో నిత్యము వాడుకొను ప్రధానమైన లంగరు తెగిపోయినను, శిలల నడుమ చిక్కుకొని పైకి రాకున్నను, గాలి ముదిరి ఒక్క లంగరు పట్టు చాలకున్నను అక్కఱకు వచ్చునట్లు వేఱుగా ఉంచుకొను లంగరునకు అదనపు లంగరని పేరు. గాలి తీరమువైపు వీచుచుండగా, చాపలు చినిగి, యంత్రము మొరాయించినవేళ, నావకును ఆ తీరపు ఱాళ్లకును నడుమ నిలువగలది ఇది యొక్కటియే. కావున దీనిని ఎచట నుంచవలెను, ఎట్లు బిగింపవలెను అను ప్రశ్న పైకి స్వల్పముగా కన్పట్టినను, ప్రాణములతో ముడివడిన ప్రశ్న. ఆ బిగింపు పరస్పర విరుద్ధములైన రెండు ధర్మములను ఏకకాలమున నెఱవేర్పవలసియున్నది: కెరటము మీద విఱిగిపడినను, నావ ప్రక్కకు ఒరిగినను లంగరు అంగుళమైనను కదలరాదు, అయినను అర్ధరాత్రమున, తడిసి కొంకర్లు పోయిన చేతులతో, ఒంటరి నావికుడు దానిని విప్పి నీట విడువగలుగవలెను.

ఒకటికి మించి లంగరులను తీసికొనిపోవు ఆచారము అతిప్రాచీనము. టర్కీ దక్షిణ తీరమున ఉలుబురున్ వద్ద క్రీ. పూ. 14వ శతాబ్దమున మునిగిన వర్తక నౌకలో 24 రాతి లంగరులు బయల్పడినవి. ఆ దేశపు తీరముననే యస్సీ అడ దీవి చెంత క్రీ. శ. 7వ శతాబ్దమున మునిగి, 1961వ సంవత్సరము మొదలు జార్జి బాస్ నాయకత్వమున పరిశోధింపబడిన బైజాంటియను నౌక ఈ విషయమున మఱింత బోధకమైనది. అందలి 11 ఇనుప లంగరులలో నాలుగు ముందుభాగపు అంచులపై, ఇరువైపుల రెండేసి చొప్పున, తక్షణము వేయుటకు అనువుగా నుండగా, తక్కిన ఏడును నౌక నడిమి భాగమునకు చేరువగా ఒకదానిపై నొకటి పేర్పబడియుండెను. సిద్ధముగా నుండవలసినవి కొనయందు, బరువుగా మాత్రమే మోయవలసినవి మధ్యమందు అను ఆ విభాగము పదమూడు శతాబ్దములు గడచినను సడలలేదు.

పెద్ద నౌకల చరిత్రలో అదనపు లంగరుల ప్రయోజనమునకు 1770 జూనులో ఎండెవర్ నౌకకు కలిగిన ఆపద ప్రబల నిదర్శనము. ఆస్ట్రేలియా తూర్పు తీరపు పగడపు దిబ్బపై ఆ నౌక చిక్కుకొనగా, కెప్టెన్ కుక్ ఫిరంగులను నీట పాఱవేయించి, లంగరులను చిన్న పడవలపై దూరముగా పంపి లోతునీట వేయించి, వాని మోకులను లాగించి నౌకను దిబ్బ నుండి తప్పించెను. అచట విడువవలసివచ్చిన ఒక పెద్ద లంగరు 1971లో వెలికి తీయబడినది. ఒక్క లంగరుతో ఆ కార్యము సాధ్యమై యుండెడిది కాదు. 1895-98 నడుమ ఒంటరిగా భూప్రదక్షిణము చేసిన జాషువా స్లోకమ్ తన స్ప్రే అను చిన్న నావలో 40, 100, 180 పౌనుల బరువుగల మూడు లంగరులను తీసికొనిపోయెను.

నేటి విహార నావలో మొదటి చిక్కు బరువును గూర్చినది. నావ ముందువెనుకలకు ఊగుటయందు ఒక వస్తువుయొక్క ప్రభావము, నావ మధ్యమునకు అది యున్న దూరపు వర్గమును బట్టి పెరుగును. అనగా మధ్యమునుండి 5 మీటర్ల దూరమున ముందుకొనయందున్న 15 కిలోల లంగరు, 2.5 మీటర్ల దూరమున నున్న 60 కిలోల బరువుతో సమానముగా నావను ఊపును. ఇట్టి నావ ప్రతి కెరటమున ముక్కు ముంచి వేగమును కోల్పోవును. అందుచేత ప్రధానమైన లంగరు ముందుకొననున్న కప్పీపై నుండగా, రెండవదానిని గూడ దాని ప్రక్కననే వ్రేలాడదీయు పద్ధతి, చూపునకు సింగారమే యైనను, దూరయానమునకు తగినది కాదు. తుపానుకై ఉద్దేశింపబడిన మిక్కిలి బరువైన లంగరునకు స్తంభపు మొదట, డెక్కు క్రింద, నావ అడుగునకు ఆనుకొనియున్న తావే యుత్తమము.

ఐతే ప్రతి లంగరును అచట ఇముడదు. పూర్వపు నౌకాదళపు మాదిరి లంగరు, సీల ఊడదీసిన దాని అడ్డకడ్డీ కాడ వెంబడి ఒదుగునుగాన, బల్లపఱుపుగా పండుకొనును. రిచర్డ్ డాన్‌ఫర్త్ రూపొందించిన లంగరు చదునైనది. రెండవ ప్రపంచ సంగ్రామమున తీరమెక్కిన దళవాహక నౌకలు వెనుకభాగమునుండి వేసిన ఇట్టి లంగరుల మోకులను లాగుకొని తిరిగి నీటిలోనికి దిగెడివి. 1933లో భౌతికశాస్త్రజ్ఞుడు జి. ఐ. టేలర్ కల్పించిన లంగరు నాగటి కఱ్ఱువంటి ఆకృతియు, మడతబందును గలదగుటచేత, పట్టునందు ప్రశస్తమేగాని, దాచుటయందు మిక్కిలి మొండిది. దాని క్రింద దానికై చెక్కిన కొయ్యదిమ్మెలు లేనిచో అది కుదురుగా నిలువదు. అల్యూమినియముతో చేసిన విడిభాగముల లంగరులు సంచిలో ఇముడునంత తేలికైనవి. కాని వానిని కూర్చుటకు వలయు పానా ఆ సంచికే త్రాటితో కట్టియుండవలెను. పానాకై వెదకు నావికునికి ఆ లంగరు లేనట్లే.

డెక్కుపై బిగించునప్పుడు గట్టికొయ్య దిమ్మెలలో లంగరు కాడకును ఱెక్కలకును సరిపడు గాడులు తొలిచి, ఆ దిమ్మెలను డెక్కు గుండ దూర్చిన బోల్టులతో, క్రిందివైపున వెడల్పైన పలకను వేసి బిగింపవలెను. మరమేకులు మాత్రము చాలవు. కెరటపు తాకిడికి అవి డెక్కును చీల్చుకొని వచ్చును, నీరు లోనికి కాఱును. కట్టునకు లోహపు బందులకంటె దృఢమైన త్రాటినే మేలుగా నెంచవలెను. ఏలయనగా తుప్పుతో బిగిసిన మర విడదు, త్రాటిని అవసరమైనచో కత్తితో కోయవచ్చును. దిక్సూచి చెంత ఇనుప లంగరు నుంచినచో సూచి తప్పుదిక్కు చూపును. ఈ దోషము పొగమంచులోగాని తెలియరాదు, తెలిసిననాటికి నావ ఱాళ్ల మీద నుండును.

స్వీడన్, ఫిన్‌లండు దీవుల నడుమ తిరుగు నావలవారు ముందుకొనను ఒడ్డు బండకు కట్టి, వెనుకనుండి లంగరు వేయుదురు. కావున అచట రెండవ లంగరు వెనుకభాగపు ఉక్కు రెయిలింగుపై, మోకునకు మారుగా వెడల్పైన పట్టీని చుట్టిన చక్రము ప్రక్కన, నిత్యము సిద్ధముగా నుండును. ఆ శాంతజలములకు ఇది చక్కని యేర్పాటు. మహాసముద్రమున ఆ సన్నని గొట్టపు రెయిలింగు బరువైన లంగరును మోయజాలదు.

లంగరుతోబాటు దాని గొలుసును, మోకును గూడ ఒక్కచోటనే యుంచుట అవశ్యము. గొలుసు తుదిని నావకు ఇనుప షాకిలుతో గాక, డెక్కు మీదికి వచ్చునంత పొడవుగల బలమైన త్రాటితో కట్టవలెను. ప్రమాదమున దానిని తెగగోసి నావను తప్పింపవచ్చును. షాకిలు సీలకు తీగ చుట్టనిచో, అది అలల కదలికకు తనంతట తానే విడును. నైలాను మోకు సాగునుగాన కుదుపులను మ్రింగును. దానిని చుట్టలుగా చుట్టినచో మెలికలు పడును; రంధ్రములుగల సంచిలో తుదినుండి మొదలుగా వదులుగా నింపినచో చిక్కులేక వెడలును, తడియు ఆఱును. అల్యూమినియముతో తుప్పుపట్టని ఉక్కు బోల్టు కలియుచోట ఉప్పునీరు లోహమును తినివేయును కాబట్టి అచట గ్రీజు పూయవలెను. జింకుపూత అరిగి ఎఱుపుదేఱిన గొలుసు కంటెలను కొలిచి, మందము తగ్గినవానిని ప్రయాణమునకు ముందే తీసివేయవలెను.