డాన్యూబు తీరమున వెల్టెన్‌బర్గు మఠము

జర్మనీ దేశమున, బవేరియా రాష్ట్రమందలి కెల్‌హైము పట్టణమున పడవ నెక్కి డాన్యూబు నదికి ఎదురేగినచో, ఇరుప్రక్కల సున్నపురాతి కొండలు నిట్టనిలువుగా లేచి ప్రవాహము నిరుకున బెట్టిన లోయను దాటి, సుమారు 40 నిమిషములకు, నది వంపు తిరుగు చోట వెలసిన వెల్టెన్‌బర్గు మఠమును చేరవచ్చును.

సప్తమ శతాబ్దారంభమున, ఐర్లండు దేశీయుడైన పునీత కొలుంబాను సంప్రదాయమునకు చెందిన సన్న్యాసులు దీనిని స్థాపించిరని ప్రతీతి. పిమ్మట ఈ మఠము బెనెడిక్టు నియమావళి నవలంబించినది. ఆ నియమావళి సన్న్యాసికి ప్రార్థనతోపాటు కాయకష్టమును విధించి, అతిథిని క్రీస్తుగనే భావించి ఆదరింపవలెనని శాసించినది. మఠమునకు మద్యమునకు పొత్తేమని మనవారికి తోచుట సహజమే. కాని యవలు మొలకెత్తించి, ఎండబెట్టి, నీట నానవేసి, ఆ రసమును హాపు పువ్వులతో కాచి, పులియబెట్టి తీయు బీరు ఆ శీతదేశమున రొట్టెవలె నిత్యాహారము. ఘనాహారము తగ్గించు తపఃకాలమున సన్న్యాసులకు బలమిచ్చునదియు అదియే. దానిని కాచుట వారికి వ్యసనము కాదు, వృత్తిధర్మము.

ఇచ్చట 1050 నుండి బీరు కాచుచున్నారని మఠమువారు చెప్పుదురు. ఫ్రైజింగు నందలి వైహెన్‌స్టెఫాను బీరుశాల 1040 నాటిదని ప్రసిద్ధి గాంచినను, అది నేడు ప్రభుత్వపరమైనది గనుక, మఠపు బీరుశాలలలో ప్రాచీనతమ మను కీర్తిని వెల్టెన్‌బర్గువారు తమదిగా చెప్పుకొందురు. వారి ముదురువన్నె బీరు 2004, 2008, 2012 సంవత్సరముల ప్రపంచ బీరు పోటీలలో స్వర్ణపతకము లందినది.

అయినను ఇచ్చటి అసలు నిధి పునీత జార్జి ఆలయము. 1716లో ఆరంభమైన ఈ నిర్మాణమున ఆసాము సోదరులు, చిత్రకారుడు కోస్మాస్ డామియాను, శిల్పి ఎగిడ్ క్విరిను, తమ విద్యనంతయు కుమ్మరించిరి. చీకటి ముఖమండపము దాటి లోన నడుగిడినంతనే, మరుగుననున్న గవాక్షముల వెలుగు వెనుకనుండి ప్రసరింప, అశ్వారూఢుడైన జార్జి సర్పభూతమును సంహరించుచు బలిపీఠముపై సాక్షాత్కరించును.

1803లో రాజ్యాధికారము ఈ మఠమును రద్దు చేసినది. 1842లో బవేరియా రాజు మొదటి లూడ్విగు పునరుద్ధరించెను. 2005 నాటి వరద ప్రాంగణమును ముంచినను సన్న్యాసులు మరల బాగుచేసికొనిరి.

బవేరియాకు పోవు తెలుగువారు మ్యూనికు బీరు ఉత్సవముతోనే తృప్తిపడక ఈ తావునకును పోవలెను. ముందు ఆలయమును కన్నులార చూచి, ఆ పిమ్మటనే చెట్లనీడ పానశాలలో కూర్చుండుట మేలు.