పాయా

సికింద్రాబాద్‌లో పొద్దున్నే నాన్‌తో నంజుకునే కాళ్ల పులుసు ‘పాయా’ పారసీ మాట. ‘పాయ్’ అంటే కాలు. మన ‘పాదా’నికి దాయాది. పైజామా కాళ్ల తొడుగు, చార్‌పాయి నాలుగు కాళ్ల మంచం. టీ పెట్టుకోవడానికే పుట్టిందనుకునే టీపాయ్ కూడా అసలు ‘తిపాయీ’, అంటే మూడు కాళ్ల బల్ల. టీ తర్వాత వచ్చి కూర్చుంది! పాయాకు జోడీ నహారీ. ఆ పేరు అరబ్బీ ‘నహార్’ నుంచి వచ్చింది, అంటే పగలు. రాత్రంతా సన్నసెగ మీద ఉడికితే కాళ్లలోని జిగురు పులుసులోకి దిగుతుంది. అందుకే పాయా పొద్దుటి తిండి. తలకాయ కూర తెలుగు పేరుతోనే నిలిచింది. కాళ్లకు పారసీ పేరు అతికింది హోటళ్ల వల్లేననుకుంటాను. ఇంట్లో వండితే ‘కాళ్ల పులుసు’ అనే పిలవండి, రుచేమీ తగ్గదు.