జాగీరు పోయింది, దఫ్తరు మిగిలింది

పంజాగుట్ట నుంచి అమీరుపేటకు నడిచి వస్తుంటే దారి పొడవునా శిక్షణ సంస్థల బోర్డులే. నా పాత విద్యార్థులు కొందరు ఇక్కడ గదులు తీసుకొని, గ్రూపు పరీక్షలకు పరిపాలనా శాస్త్రం వల్లె వేస్తున్నారు. రాజకీయం వేరు, పరిపాలన వేరు అన్న ఉడ్రో విల్సన్ 1887 నాటి వ్యాసం, పదవి వేరు, పదవిలోని మనిషి వేరు అన్న మాక్స్ వెబర్ సిద్ధాంతం వారికి కంఠస్థం. కాని వారి కాళ్ళ కింది నేలకు కూడ ఒక పాలనా చరిత్ర ఉన్నది.

ఆ చరిత్ర జాగీర్ల కాలం నాటిది. అమీరె కబీర్ అన్నది పైగా ప్రభువుల బిరుదు. నిజాముకు సైన్యాన్ని పోషించి ఇచ్చినందుకు వారికి దక్కిన జాగీర్లే పైగాలు. అక్కడ శిస్తు, పోలీసు, న్యాయస్థానం అన్నీ ప్రభువు ఇంటి వ్యవహారాలే. పదవి, మనిషి, ఆస్తి మూడూ ఒక్కటే.

1853లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్, శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని తొలగించి, 1865లో జిలాబందీ ప్రవేశపెట్టాడు. జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లు, తహసీల్దార్లు వచ్చారు. విల్సన్ వ్యాసానికి ఇరవై రెండేళ్ళ ముందటి మాట ఇది. అయితే ఆ సంస్కరణ దివానీ భూముల పొలిమేర దగ్గరే ఆగిపోయింది. ఎందుకని? సాలార్ జంగ్ స్వయంగా పెద్ద జాగీర్దారు. కూర్చున్న కొమ్మను ఎవరు నరుక్కుంటారు?

ఆ కొమ్మను నరకడం దఫ్తరు వల్ల కాలేదు. 1946లో రగిలిన తెలంగాణా రైతాంగ పోరాటం దాని వేళ్ళను కదిలించింది. సంస్థానం 1948లో కూలిన తర్వాత, 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. అయినా జాగీర్దార్లకు పరిహారం ముట్టింది. వంశపారంపర్యపు పటేల్, పట్వారీ పదవులు 1984 దాకా నిలిచాయి.

భాష సంగతీ అంతే. దఫ్తరులో పారశీకం పోయి ఉర్దూ వచ్చింది, ఆపై ఇంగ్లీషు వచ్చింది. తెలుగును అధికార భాషగా చేసే చట్టం 1966లో వచ్చింది. నిరుడు ఒక విద్యార్థి తల్లికి తోడుగా ఒక కార్యాలయానికి వెళ్ళాను. తాను చదవలేని ఇంగ్లీషు కాగితం మీద ఆమె సంతకం చేసింది.

“ఏమి రాసి ఉన్నది సారూ?” అని సంతకం చేసిన తర్వాతనే అడిగింది.

గుమాస్తా చెడ్డవాడు కాదు. లంచం అడగలేదు, నిబంధన తప్పలేదు. వెబర్ చెప్పిన లక్షణాలన్నీ అక్కడ ఉన్నాయి. లేనిది ఆమె ఒక్కతే. సంతకానికి ముందే చదివి చెప్పవలసిన తెలుగు మాస్టరును నేను కూడ వరుస కదలాలనే తొందరలో ఊరుకున్నాను.

మనిషి పాలన పోయి నిబంధన పాలన రావడం చిన్న విజయం కాదు. దాని వెనుక నెత్తురున్నది. అయితే ఆ నిబంధన ఎవరి భాషలో ఉంది, ఎవరికి జవాబు చెబుతుంది అన్న ప్రశ్న మిగిలే ఉంది. రేపు ఆ కుర్చీలలో కూర్చోబోయేది అమీరుపేట గదులలోని మన పిల్లలే. వారికి వెబర్‌తో పాటు ఆ తల్లి వేసిన ప్రశ్నను కూడ పాఠంగా చెప్పవలసిన బాధ్యత మనది.