ఆకాశమున జీవాన్వేషణము

ప్రాణి ఎచట మనగలదు, ఎచట మనజాలదు అను ప్రశ్నకు మానవుడు చిరకాలము తన దేహమునే కొలబద్దగా గైకొనెను. తాను ఓర్వలేని వేడిమియు, తనకు ఊపిరాడని ఎత్తును ప్రాణికోటికెల్ల హద్దులని తలచెను. ఆ హద్దులను చెరిపినవి సూక్ష్మజీవులు. 1966లో అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ బ్రాక్ ఎల్లోస్టోన్ ఉష్ణగుండములనుండి గ్రహించిన నమూనాలలో, సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు వర్ధిల్లు బాక్టీరియా బయల్పడెను. ఇట్టివి ఇచట నుండగా ఇతర గ్రహములందు ఏల ఉండరాదను ఆశ బలపడెను.

ఈ అన్వేషణమున ఒక ఘట్టమునకు హైదరాబాదు వేదిక యైనది. జీవబీజములు అంతరిక్షమునుండి భూమికి దిగివచ్చినవని ఫ్రెడ్ హాయిల్, చంద్ర విక్రమసింఘె వాదించిరి. హాయిల్ శిష్యుడగు జయంత్ నార్లికర్ నాయకత్వమున భారత శాస్త్రజ్ఞులు దానిని పరీక్షింపబూనిరి. మొదటి ప్రయోగము 2001లో జరిగెను. 2005 ఏప్రిల్ 20న మరియొక బెలూను 459 కిలోగ్రాముల పరికరములతో హైదరాబాదునుండి పైకెగసెను.

అందు గాలి తీసివేసి, సూక్ష్మజీవరహితముగ శుద్ధిచేసిన 16 ఉక్కు గొట్టములుండెను. వానిని ద్రవరూపమున నున్న నియాన్‌లో ముంచిరి. ఆ చలికి లోన జొచ్చిన గాలి గడ్డకట్టగా, లోని పీడనము తగ్గి మరికొంత గాలి లోనికి వచ్చుచుండెను. ఇట్లు 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తువరకు గాలిని పట్టి, గొట్టములను పారాచూటుతో దింపిరి. ఆ పై యెత్తున గాలి అంగారకునిపై గాలివలె మిక్కిలి పలుచన. అతినీలలోహిత కిరణములు తీవ్రము.

పొరపాటునకు తావీయక, నమూనాలను హైదరాబాదు, పూనా నగరములలోని రెండు ప్రయోగశాలలు వేర్వేరుగా పరీక్షించెను. ఫలితములు 2009లో వెలువడెను. 12 బాక్టీరియాలు, 6 శిలీంధ్రములు పెంపునకు వచ్చెను. అందు మూడు బాక్టీరియాలు అంతవరకు ఎరుగని జాతులు. తమ దగ్గరి బంధువులకంటె అతినీలలోహిత కిరణములను మిన్నగా తట్టుకొనునవి. ఒకదానికి హాయిల్ పేరును, ఒకదానికి ఇస్రో పేరును, వేరొకదానికి ఆర్యభటుని పేరును ఉంచిరి.

ఇవి అన్యలోకపు జీవులని చాటుట సులభము. శాస్త్రజ్ఞులట్లు చాటలేదు, అంతరిక్షమునుండి వచ్చినవని ఇది నిర్ధారణ చేయదని స్పష్టముగ తెలిపిరి. క్రొత్త జాతియైనంతమాత్రమున పరలోకపు జాతి కానేరదు. ఆ మూడింటి దాయాదులు భూమిమీదనే కలవు.

భూమిమీది ప్రాణి ఎంతవరకు పోగలదో తెలిసినకొలది, వెదుకదగిన తావులు పెరుగును. దొరకినది మనది కాదని చెప్పుట మాత్రము అంతకంతకు కష్టమగును. రేపు అంగారకునిపై సూక్ష్మజీవి కానవచ్చినను, మొదటి ప్రశ్న ఇదియే: ఇది అచటిదా, మన యంత్రముతో పోయినదా?